ఒక వరస ముందు

బాబాయి తన జీవితంలో పియానో మీద ఒక్క మెట్టు కూడా నొక్కి ఎరగడు. అయినా పిన్ని వాయించిన ప్రతి వేదిక మీదా ఆయన ఉన్నాడు. పిన్ని పియానో ముందు కూర్చుంటే ఆవిడకి ఎడమపక్కన, కాస్త వెనక్కి, చేతుల్లేని కుర్చీ ఒకటి వేస్తారు. బాబాయి నల్లకోటు తొడుక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని అందులో కూర్చుంటాడు. స్టాండు మీదున్న స్వరలిపి పేజీ అయిపోవస్తోందనగా లేస్తాడు, చెయ్యి చాపి కాగితం పైమూల పట్టుకుంటాడు, తిప్పుతాడు, మళ్ళీ కూర్చుంటాడు. అదీ ఆయన పని. జీతం లేదు, చప్పట్లు లేవు, కరపత్రంలో పేరు లేదు. కళ్ళద్దాల షాపులో పనిచేసినన్నాళ్ళూ సాయంత్రాలు ఇదే పని, షాపు మానేశాక ఇదొక్కటే పని. ఎవరైనా పలకరింపుగా "మీరేం వాయిస్తారండీ?" అని అడిగితే "కాగితం" అంటాడు.

ఆయనకో జబ్బుంది. దేనికైనా ముందే ఉండాలి. రైలెక్కాలంటే ఆయన స్టేషనుకి చేరేసరికి అంతకుముందు రైలే ఇంకా వచ్చి ఉండదు. భోజనానికి పిలిస్తే, పిలిచినవాళ్ళు కూరలు కొనుక్కుని సంచీలతో తిరిగొచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉంటాడు. సంచీ అందుకుని, కూర్చుని కూరలు తరిగిపెడతాడు కాబట్టి ఎవరూ ఏమీ అనరు.

పిన్ని అక్క కూతురు పిట్ట. ఆ పేరు పెట్టింది బాబాయే. అసలు పేరు ఆఫీసు గుర్తింపు కార్డు మీద భద్రంగా ఉంది, ఇంట్లో ఎవరికీ దాంతో అవసరం పడలేదు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు, డ్యూటీకి వేళాపాళా ఉండేది కాదు. అందుకని పిట్ట బడి నుంచి నేరుగా పిన్ని ఇంటికొచ్చి, పియానో కింద బోర్లా పడుకుని హోంవర్కు చేసుకునేది. అక్కణ్ణుంచి ఆ అమ్మాయికి కనబడేవి రెండు జతల కాళ్ళు. ఒక జత పెడల్ తొక్కుతూ ఉండేది, రెండో జత లేవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

ఇప్పుడు పిట్ట మొబైల్ యాప్‌లు డిజైన్ చేస్తుంది. తెర మీద ఏ బొత్తాం ఎక్కడుంటే ఎవరి వేలు తడుముకోకుండా అక్కడికి వెళుతుందో ఆలోచించడం ఆమె ఉద్యోగం. వాళ్ళ చిన్న కంపెనీ సంగీతం వాయించేవాళ్ళ కోసం ఒక యాప్ తయారు చేస్తోంది. ఇళ్ళనిండా పేరుకుపోయిన స్వరలిపి కాగితాలన్నీ ఫోటోలు తీసి అందులో పెట్టుకోవచ్చు. ఏది కావాలన్నా చిటికెలో వెతుక్కోవచ్చు. ఏ కచేరీకి ఏవి, ఏది ముందు, ఏది తరవాత అని వరసగా పేర్చుకోవచ్చు. అన్నిటికన్నా మేనేజరు మురిసిపోయే సంగతి ఒకటుంది. స్టాండు మీద ట్యాబ్ పెడితే అదే వాయింపు వింటుంది, పేజీలో చివరి స్వరం మోగగానే తనంతట తనే పేజీ తిప్పుతుంది.

"ఇక పక్కన మనిషి అక్కర్లేదు. అదే మన గొప్ప," అని మేనేజరు ప్రతి మీటింగులోనూ అంటాడు. అన్నప్పుడల్లా పిట్టకి బాబాయి కుర్చీ గుర్తొచ్చేది. కానీ ఆ యాప్‌కి నిజమైన కచేరీలో పరీక్ష కావాల్సి వచ్చినప్పుడు పిన్ని పేరు చెప్పింది కూడా పిట్టే. అందుకు కారణం బాబాయి మోకాళ్ళు. కిందటి కచేరీలో, పియానో గుసగుసలాడినట్టు వినబడాల్సిన చోట ఆయన లేచాడు. మోకాలు టక్కుమంది. ముందు వరసలోవాళ్ళు తీగ తెగిందనుకున్నారు. ఆ కంగారులో రెండు పేజీలు ఒకేసారి తిప్పేశాడు. పిన్ని ఎలాగో సర్దుకుంది కానీ, కచేరీ పెట్టినాయన మాత్రం వెళ్ళేటప్పుడు "వచ్చేసారికి ఎవరైనా వయసులో ఉన్నవాళ్ళని చూద్దామండీ" అని మెత్తగా చెవిన వేసి పోయాడు. బాబాయి అద్దాలు తుడుచుకుంటూ విననట్టు నటించాడు. మంచి నటుడు కాదు పాపం.

*

ముందు పిన్ని కాగితాల బీరువా సర్దాలి. రెండు శనివారాలు పిట్ట, బాబాయి నేలమీద కూర్చుని ఒక్కో కాగితం తీశారు. సర్దింది బాబాయే కాబట్టి దేనికేదో ఆయనకే తెలుసు. ఆయన సర్దిన తీరు మాత్రం లోకంలో ఏ గ్రంథాలయమూ ఒప్పుకోదు.

"ఇది ఎవరు రాసింది బాబాయ్? ఏ శ్రుతి?"

"అవన్నీ నాకేం తెలుసే? ఇది కరెంటు పోయిన పాట. సగంలో దీపాలు ఆరిపోతే మీ పిన్ని చీకట్లోనే వాయించేసింది. నేను తడుముకుంటూ తిప్పాను."

"అలాంటి గడి యాప్‌లో లేదు."

"అయితే పెట్టు. ఈ ఇంట్లో ఎవరినడిగినా ఆ పేరే చెబుతారు."

పక్కది జలుబు పాట, తుమ్ము ఆపుకోలేక బాబాయి ప్రాణం మీదికి తెచ్చుకున్నది. దాని కింద మొండి కాగితాలు, ఎంత తడిచేసినా వేలికి అంటని రకం. అన్నిటికన్నా అడుగున, గుడ్డలో చుట్టి, ఊపిరి పాట ఉంది. నెమ్మదైన పాట. దాని చివరి పేజీలకి వచ్చేసరికి పిన్ని ఊపిరి బిగపడుతుందట. పిట్ట నవ్వుకుంటూ తెర మీద రాసినవారు, శ్రుతి, వేగం అన్న గడుల పక్కన ముద్దుపేరు అని ఇంకోటి చేర్చింది. "కరెంటు" అని కొడితే పాట ఠక్కున వచ్చింది. బాబాయి చిన్నపిల్లాడిలా నాలుగుసార్లు కొట్టించి చూశాడు.

"మరి దీన్ని తిప్పడం ఎలాగే? వేలు ఇటు లాగాలా, అటు లాగాలా?"

పిట్ట తెర వంకే చూస్తూ అంది. "తిప్పక్కర్లేదు బాబాయ్. అదే విని తిప్పుకుంటుంది."

బాబాయి చేతిలో ఉన్న కాగితాల కట్టని నేలమీద తట్టి అంచులు సరిచేశాడు. సరిగ్గానే ఉన్నవాటిని మళ్ళీ తట్టాడు.

"మంచిదే," అన్నాడు. "మోకాళ్ళకి సెలవు."

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన వరసగా జోకులు వేశాడు. మనసు బాగాలేనప్పుడే ఆయన అన్ని జోకులు వేస్తాడని పిట్టకి తెలుసు, పిన్నికీ తెలుసు. ఇద్దరూ నవ్వారు. మర్నాడు పిట్ట వచ్చేసరికి పియానో పక్కనున్న కుర్చీ కిటికీ కిందికి వెళ్ళిపోయింది. దానిమీద పూలకుండీ కూర్చుని ఉంది.

*

రిహార్సల్ మొదలైంది. ట్యాబ్ వెలుగుతోంది, పిన్ని వాయిస్తోంది, పేజీ చివర స్వరం మోగింది, పేజీ తిరిగింది. పిన్ని తడబడింది. ఆగి, మళ్ళీ ఎత్తుకుంది. తరవాతి పేజీ చివరా అంతే. ఎన్ని పేజీలుంటే అన్నిచోట్లా అంతే. చిన్నప్పటి నుంచి వాయిస్తున్న మనిషి, నిన్న నేర్చుకున్న పిల్లలా ప్రతి మలుపులోనూ తప్పింది.

"యాప్ ఆలస్యంగా తిప్పుతోందేమో చూడు," అని పిట్ట ఆఫీసులో కోడ్ రాసేవాణ్ణి అడిగింది. అతను ఒంటికాలి మీద లేచాడు. రెప్పపాటు కూడా తేడా లేదని లెక్కలు చూపించాడు. మేనేజరేమో "ఆవిడకి పెద్దతనం వచ్చిందేమో, ఇంకొకర్ని చూడు" అన్నాడు. పిట్ట వెనక్కి వచ్చేసింది. తన చోటులో కూర్చుని, ఫోన్లో ఉన్న పాత కచేరీ వీడియో ఒకటి పెట్టుకుని, మొదటిసారి బాబాయినే చూసింది.

బాబాయి లేచాడు, తిప్పాడు, కూర్చున్నాడు. పిట్ట వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. పేజీలో అడుగు వరస ఇంకా మొదలవకముందే ఆయన తిప్పేస్తున్నాడు. ఒకచోట కాదు, అన్నిచోట్లా. పిన్ని మాత్రం తొణకలేదు. ఆ కనబడని వరసని కొత్తపేజీ చూస్తూ హాయిగా వాయించేస్తోంది.

సాయంత్రం వంటింట్లో పిన్నిని పట్టుకుని అడిగేసింది. పిన్ని పొయ్యి తగ్గించి, ముందుగదిలోకి ఒకసారి తొంగిచూసి, గొంతు దించింది.

"మొదటి కచేరీ నాడు ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదే. స్వరలిపి చదవడం రాదు, ఇంట్లో విని విని చెవికి పట్టించుకున్నారు. టైము దాటిపోతుందేమోనని భయంతో ఒక వరస ముందే తిప్పేశారు. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఎలాగో గట్టెక్కి, దిగాక తిడదామని చూస్తే, 'సరిగ్గా తిప్పానా?' అని అడిగారు. ఆ మొహం చూసి ఎలా తిట్టను? సరిగ్గా తిప్పారన్నాను. ఇక అప్పట్నుంచి ఏ పాటైనా సరే, ప్రతి పేజీలో ఆఖరు వరస కంఠతా పెట్టుకుంటున్నా. ఆ వరసకి వచ్చేసరికి నా కళ్ళు వాటంతట అవే కొత్తపేజీకి వెళ్ళిపోతాయి. మీ యంత్రం అక్కడ పాతపేజీ పెట్టుకుని కూర్చుంటే నేనేం చెయ్యను?"

"ఇన్నేళ్ళూ చెప్పలేదా?"

"చెప్పి? ఆయన గర్వంగా చేసే పని అదొక్కటి. నువ్వూ చెప్పకు. నా మీద ఒట్టు."

"మరి యాప్‌కి ఎందుకు ఒప్పుకున్నావు పిన్నీ?"

పిన్ని గరిటె కిందపెట్టింది. "లేస్తున్నప్పుడు పళ్ళు బిగబట్టడం నాకు వినబడుతోందే. నేను వద్దంటే నా చేత్తో నేనే ఆయన్ని దింపేసినట్టు. యంత్రం వచ్చిందంటే చిన్నతనం ఉండదు కదా. నాకు మాత్రం ఇష్టమా? ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఎడమపక్క చలేస్తోంది."

*

పిట్ట ఆఫీసుకి వెళ్ళి యాప్‌లో చిన్న సదుపాయం ఒకటి పెట్టించింది. ఎన్ని వరసలు ముందు తిప్పాలో ఎవరికి వాళ్ళు చెప్పుకోవచ్చు. పిన్నికి ఒకటి అని పెట్టింది. ఆ ఆదివారం రిహార్సల్లో పాట మొదటి నుంచి చివరిదాకా నీళ్ళు పారినట్టు సాగిపోయింది. ఒక్క తడబాటు లేదు. పిట్టకి సంతోషం కలగాలి. కానీ కలగలేదు. బాబాయి పని ఎలాగూ యంత్రానికి ఇచ్చేసింది, ఇప్పుడు ఆయన పొరపాటు కూడా దానికి నేర్పేసింది.

పిన్ని తన దగ్గర పియానో నేర్చుకునే పిల్లకి ఫోన్లో పాఠం చెప్పడానికి లోపలికి వెళ్ళాక బాబాయి కిటికీ దగ్గర పూలకుండీకి నీళ్ళు పోస్తూ, ఇటు తిరక్కుండానే అన్నాడు.

"ఒక వరస ముందు తిప్పుతోందే. ఎవరు చెప్పారు దానికి?"

పిట్ట చప్పున తలెత్తింది. "ముందు తిప్పడం ఏంటి బాబాయ్? నీకెలా తెలుసు?"

"షాపులో బేరాలు లేనప్పుడు మీ పిన్ని పిల్లలకిచ్చే మొదటి పుస్తకం పెట్టుకుని నేర్చుకున్నానే. వాయించడానికి కాదు, అనుసరించడానికి. చదవడం పట్టుబడ్డాక చూసుకుంటే ఏముంది, నేను ప్రతిసారీ ఒక వరస ముందే తిప్పేస్తున్నా. సిగ్గుతో చచ్చిపోయాననుకో. తరవాతి కచేరీలో సరిగ్గా టైముకి తిప్పాను. మీ పిన్ని తడబడింది. నా తప్పుకే అలవాటు పడిపోయిందని అప్పుడర్థమైంది. మళ్ళీ ముందే తిప్పడం మొదలుపెట్టాను, సర్దుకుంది." నీళ్ళు కుండీ దాటి కుర్చీ మీదికి కారుతున్నాయి. ఆయన చూసుకోలేదు. "నాకు చదవడం వచ్చని ఆవిడతో అనకు. తను నన్ను కాపాడుతోందనుకుంటోంది. అనుకోనీ."

పిట్ట చెంబు ఆయన చేతిలోంచి తీసుకుంది. ఇద్దరి రహస్యాలూ ఇప్పుడు తన నోట్లోనే ఉన్నాయి. ఒకటి మింగితే రెండోది బయటికొచ్చేలా ఉంది.

"నీకు నిజంగా ఎలా ఉంది బాబాయ్? జోకులు వెయ్యకుండా చెప్పు."

బాబాయి ఖాళీ పియానో వంక తిరిగాడు. "జనం అంతా ఆవిడకి కుడిపక్కన కూర్చుంటారు," అన్నాడు. "వాళ్ళకి కుడిచెయ్యి కనిపిస్తుంది. ఎడమచెయ్యి బాగా కనబడేది ఆ ఒక్క కుర్చీలోంచే. ఎప్పుడూ కాగితం మీదే కళ్ళు పెట్టి, సరిగా చూసింది లేదు. ఎప్పుడైనా చూడొచ్చులే అనుకున్నాను. మోకాళ్ళు పోతాయని ఎవరనుకున్నారు?"

అంటూనే అద్దాలు తీసి తుడుచుకున్నాడు. పిట్ట కూడా మొహం అటు తిప్పుకుంది, తుడుచుకోవడానికి ఆమెకి అద్దాలు లేవు మరి.

ఇబ్బంది ఎక్కడుందో అప్పుడు ఆమెకి తట్టింది. తిప్పడంలో లేదు, లేవడంలో ఉంది. లేవకుండా తిప్పగలిగితే బాబాయి ఆ కుర్చీలోనే ఉండొచ్చు.

మేనేజరు ససేమిరా అన్నాడు. "పక్కన మనిషి అక్కర్లేదని మనం ఊరంతా చెప్పుకుంటుంటే, నువ్వు పక్కమనిషికి బొత్తాం పెడతానంటావా?"

"అక్కర్లేనివాళ్ళకి అక్కర్లేదు సార్. కావాల్సినవాళ్ళని తీసెయ్యడానికి మనమెవరం?"

అలా అనేశాక తన ఉద్యోగం సంగతి గుర్తొచ్చింది. కానీ మేనేజరు గడ్డం గోక్కుని, "కచేరీలో ఏదైనా తేడా వస్తే నీ ఫోన్లోంచి ఆటోమేటిక్‌కి మార్చేసే బొత్తాం ఉండాలి, అలాగైతే సరే" అన్నాడు. ఆయన మరీ రాయి ఏమీ కాదు. ఇంటికి పోతే ఆయనకీ ఎవరో ఉంటారు.

*

కచేరీ నాటి సాయంత్రం బాబాయి హాలుకి వెళ్ళేసరికి తాళాలు ఇంకా తియ్యలేదు. ఇంట్లోంచి తెచ్చిన కుర్చీ మళ్ళీ పియానో పక్కకి చేరింది, పైన నీటిమరకతో సహా. నల్లకోటు తొడుక్కుని, ఒళ్ళో ఫోను పెట్టుకుని ఆయన కూర్చున్నాడు. తెర మీద ఉన్నది ఒకటే పెద్ద గడి, వేలు ఎక్కడ ఆనినా ట్యాబ్‌లో పేజీ తిరిగిపోయేలా పిట్ట తయారుచేసినది. గడి పేరు 'పక్కన'. పిన్ని వచ్చి కూర్చుని, ఎడమవైపు ఒకసారి చూసుకుని, మొదలుపెట్టింది.

పిట్ట వేదిక చివర, తెరచాటున నిలబడి తన ఫోను పట్టుకుంది. ఆమె వెనక మేనేజరు. జలుబు పాట, కరెంటు పోయిన పాట చక్కగా సాగిపోయాయి. బాబాయి లేవలేదు, వంగలేదు. ఒక వరస ముందు వేలు ఆనించాడంతే. ప్రతిచోటా పేజీ మర్యాదగా తిరిగింది.

చివరిది ఊపిరి పాట. సగం దాటింది. బాబాయి కళ్ళు ట్యాబ్ మీంచి మెల్లగా కిందికి జారాయి. పిన్ని ఎడమచెయ్యి మీద ఆగాయి. లేవాల్సిన పని లేదు, రెండు పేజీలు అంటుకుంటాయన్న భయం లేదు, మోకాలు టక్కుమంటుందన్న బెంగ లేదు. ఇన్నేళ్ళూ తిప్పాల్సిన చోటు కోసం చెవి పెట్టడమే తప్ప, పాట కోసం ఎప్పుడూ పెట్టలేదు ఆయన. ఇవాళ వింటున్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది. వేలు ఒళ్ళోనే ఉంది, దాని సంగతి ఆయనకి గుర్తులేదు.

అడుగు వరస వచ్చేసింది. పేజీ తిరగలేదు.

"మార్చు, మార్చు!" మేనేజరు పిట్ట భుజం మీద గుసగుసగా అరిచాడు. పిట్ట బొటనవేలు బొత్తాం మీదే ఉంది. నొక్కితే చాలు, పేజీ తిరుగుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు, బాబాయికి తప్ప. ఆయన ఇంటికెళ్ళి మళ్ళీ పూలకుండీ తెచ్చి కుర్చీ మీద పెడతాడు. పిట్ట వేలు తీసేసింది.

పిన్ని కంఠతా వచ్చిన ఆ వరసని చివరిదాకా వాయించింది. ముందుకి వెళ్ళడానికి పేజీ లేదు. ఆవిడ ఓరగా ఎడమవైపు చూసింది. నోరు తెరుచుకుని తన చెయ్యివంకే చూస్తున్న మొగుణ్ణి చూసింది. కంగారుపడలేదు. ఆ వరసనే మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఇంకా నెమ్మదిగా, ఇంకా మెత్తగా, పాట రాసినవాడే అక్కడ రెండుసార్లు అని రాసుకున్నట్టు. వినేవాళ్ళు కాస్త ముందుకి వంగారు. వరస సగానికి వచ్చేసరికి బాబాయి ఉలిక్కిపడ్డాడు. పేజీ వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు, వేలు ఆనించాడు. పేజీ తిరిగింది. పిన్ని ఆ వరస ముగించి, కొత్తపేజీలోకి వెళ్ళిపోయింది. బిగపట్టిన ఊపిరి అక్కడ వదిలింది.

చప్పట్లు ఆగేసరికి చాలాసేపు పట్టింది. పిట్ట పక్కగదిలోకి వెళ్ళేసరికి బాబాయి కోటు కూడా విప్పకుండా నిలబడి ఉన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

"ఇవాళ ఆలస్యం చేశాను కదూ?" అన్నాడు పిన్నితో. 

పిన్ని ఆయన కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుతోంది. పిట్ట వైపు చూడకుండా, గుండీల మీంచి కళ్ళెత్తకుండా అంది.

"ఆలస్యమేంటి? మీరెప్పుడూ సరిగ్గా టైముకే తిప్పుతారు."

బాబాయికి చదవడం వచ్చు. ఎక్కడ ఏమైందో ఆయనకి తెలుసు. అయినా అప్పుడే పాసైన కుర్రాడిలా మొహం విప్పారింది. పిట్ట రెండు రహస్యాలూ గట్టిగా పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. వెనకనుంచి మేనేజరు వచ్చి, "ఆ వరస రెండుసార్లు వచ్చిందేం? యాప్ ఆగిపోయిందా?" అని అడిగాడు.

"లేదు సార్," అంది పిట్ట కళ్ళు తుడుచుకుంటూ. "బాగా పనిచేసింది."